తలుపు పక్కన బ్యాటరీ

బుధవారం ఉదయం పదకొండుంపావుకు, సాంతియాగో ఊళ్లో కొండవాలు మీదున్న ఐదంతస్తుల భవనంలో, మూడో అంతస్తు ఇంట్లో, ఛార్జింగుకు పెట్టిన మోటరీనా బ్యాటరీ అంటుకుంది. మోటరీనా అంటే కరెంటుతో నడిచే స్కూటరు. అప్పుడు ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరు తలుపులోంచి బయటికి వచ్చారు. రెండోవారిని అగ్నిమాపక దళం మోసుకొచ్చింది.

ఆ ఇంటావిడ పేరు నేరేయిదా బొర్రోతో. మధ్యాహ్నం నుంచీ ఆమె ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డు తలుపుకెదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో రొట్టెల సంచి. పొద్దున్నుంచీ అది చేతిలోనే ఉంది, రొట్టెల క్యూలోంచి కోడిమాంసం క్యూలోకి, అక్కడ ఎవరో పేరు పెట్టి పిలుస్తూ పరిగెత్తుకొస్తే కొండ పైకి, ఇంటి మెట్లదాకా, తర్వాత అంబులెన్సులోకి, ఇప్పుడిక్కడికి. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంది, ఎవరికివ్వాలో తోచలేదు. కింద పెడదామంటే నేల ఇప్పుడే తుడిచారు, తడిగా ఉంది. నాన్నకు అంచు మాడిన రొట్టె ఇష్టం, మాడింది ఒకటుంటే చూసి వెయ్యమని కౌంటరులో పిల్లనడిగితే ఆ పిల్ల విసుక్కుంటూ వేసింది, అది సంచిలో పైనే ఉంది, దాన్ని చూడకుండా ఉండాలని సంచి మూతి మెలిపెట్టి పట్టుకుంది. పక్కన కూతురు మైలేన్. మైలేన్ టెలిఫోను ఎక్స్ఛేంజీలో రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి లోపలి గదిలో పడుకుంటుంది, ఇవాళా అలాగే పడుకుంది, ఇప్పుడు ఎదురింటి సోరైదా ఇచ్చిన చెప్పులేసుకుని, సోరైదా గౌను తొడుక్కుని కూర్చుంది. రొట్టె వాసన ఒక పక్క, పిల్ల జుట్టులోంచి పొగ వాసన ఒక పక్క. పిల్లకు గొంతు బొంగురుపోవడం తప్ప ఇంకేమీ కాలేదని డాక్టర్లు చెప్పారు. ఏమీ కాలేదు. ఆ మాట ఎన్నోసారో మనసులో అనుకుంటోంది, అనుకున్న ప్రతిసారీ దాని వెనకే వార్డు తలుపు కనిపిస్తోంది.

ఆ తలుపుకు గుండ్రటి అద్దం ఉంది, లోపలివైపు కాగితం అంటించారు, అందుకని లోపల ఎవరో అటూ ఇటూ నడిచినప్పుడు వెలుతురు కదలడం తప్ప ఇంకేమీ కనపడదు. ఇందాక ఒక నర్సు తల బయటికి పెట్టి ఎవేలియో బొర్రోతో తాలూకు ఎవరని అడిగింది. కూతుర్ని అంది. వయసెంత, ఎనభై ఒకటి, షుగరుందా, లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని తనంతట తనే చెప్పింది, ఆ నర్సు దాన్ని రాసుకోలేదు, అది రాసుకోవలసిన సంగతి కాదు కాబోలు, కాని నేరేయిదాకు అదే ముఖ్యమనిపించింది, ఎందుకంటే ఛార్జరుకు ఒక దీపం ఉంటుంది, ఎక్కుతున్నంతసేపూ ఎరుపు, నిండాక పచ్చ, నాన్నకు రెండూ ఒకటే రంగు, మబ్బు రంగు. ఆయన దీపాన్ని చూడడు. వింటాడు. ఛార్జరులో చిన్న ఫ్యాను తిరుగుతుంది, దాన్ని కీచురాయి అంటాడు. కీచురాయి అరుస్తోందంటే బ్యాటరీ తాగుతోంది, నోరు మూసిందంటే కడుపు నిండింది, అప్పుడు కుర్చీలోంచి లేచి గోడ పట్టుకుని వెళ్లి ప్లగ్గు తీస్తాడు. తీగ పట్టుకుని లాగడు. తల పట్టుకుని తీస్తాడు. నలభై ఏళ్లు మంగలి షాపు నడిపినవాడు, జుట్టు కత్తిరించే మిషను తీగ ఎవరైనా పట్టి లాగితే ఊరుకునేవాడు కాదు, పిల్లప్పుడు నేరేయిదా ఒకసారి అలా లాగితే చేతి మీద దువ్వెనతో కొట్టాడు, గట్టిగా కాదు, ఆ ఒక్కసారే కొట్టాడు. ప్లగ్గుకు తలుంది, మెడుంది, మెడ పట్టుకుని ఎవరినీ బయటికి లాగకూడదమ్మా అనేవాడు.

చేతులు వణకడం మొదలయ్యాక షాపు మానేశాడు. తర్వాత రెండేళ్లు ఆ కుర్చీలో ఉత్తినే కూర్చున్నాడు. మోటరీనా వచ్చాక పని దొరికింది. అల్లుడు బెతో దాని మీద మనుషుల్ని ఎక్కించుకుని ఊళ్లో తిప్పుతాడు, ఇల్లు దాని మీదే నడుస్తుంది, నేరేయిదా బాల్కనీ దగ్గర చిన్న బల్ల వేసుకుని ఆడవాళ్లకు గోళ్లు దిద్ది రంగు వేస్తుంది, అది ఉప్పుకూ సబ్బుకూ సరిపోతుంది. అందుకని ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పని బ్యాటరీ నింపడం, ఆ పనికి కాపలా నాన్న. సోరైదా తలుపులోంచి తొంగి చూసి, ఎవేలియో తాతా, ఏం చేస్తున్నావని అడిగితే, డ్యూటీలో ఉన్నాను, మాట్లాడించకు, అనేవాడు. జీతమెంత? కాఫీ. పెంచమని అడగలేదా? అడిగాను, రెండో కప్పుకు పై అధికారి సంతకం కావాలంటున్నారు. పై అధికారి అంటే నేరేయిదా. ఇవాళ పొద్దున రెండో కప్పు ఇచ్చిందా? ఇచ్చిందనుకుంటుంది. పొయ్యి మీద గిన్నె గుర్తొస్తోంది, కప్పు గుర్తు రావడం లేదు. ఇచ్చి ఉంటే బాగుండును. ఇచ్చిందీ లేనిదీ ఇప్పుడు ఎవరినడుగుతుంది.

పొద్దున కరెంటు లేదు. అంతకుముందు సాయంత్రం పోయింది. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్తారు, ఎప్పుడొస్తుందో చెప్పరు, చెప్పినా అది రాదు, అందుకని ఆ భవనంలో ఎవరూ ఛార్జరును గోడలోంచి తీయరు. చీకట్లో కూడా ప్లగ్గు పెట్టే ఉంచుతారు. అది వచ్చిన క్షణంలో పట్టుకోవాలి, మళ్లీ పోయేలోగా ఎంత దొరికితే అంత. క్యూలో ఉన్నా, నిద్రలో ఉన్నా, ఇంట్లో మనిషి లేకపోయినా ప్లగ్గు గోడలోనే ఉంటుంది. వచ్చినప్పుడు కిందంతస్తు నుంచి పైదాకా ఒకటే కేక, వచ్చింది, అని, బల్బులు ఒక్కసారి ఎక్కువ వెలిగి మళ్లీ మామూలుకొస్తాయి, మెట్ల సందులో అందరి కీచురాళ్లూ ఒకేసారి మొదలవుతాయి. ఆ శబ్దం వింటే నేరేయిదాకు ప్రాణం కుదుటపడేది. ఇవాళ ఆ కేక క్యూలో ఉండగా వింది, కొండ మీంచి వినపడింది, ఏడింటప్పుడు, క్యూలో అందరూ తలలెత్తారు, ముందు నిలబడ్డ ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది, నేరేయిదా కూడా నవ్వుకుంది, నాన్న వింటూ ఉంటాడు ఇప్పుడు, అనుకుంది, డ్యూటీ మొదలైంది.

ప్లగ్గు తనే పెట్టింది. చీకట్లోనే పెట్టి, బెతో తన అన్నగారి ఊరు ఎల్ కానేకి మామిడికాయలు కోయడానికి వెళ్తూ తలుపు దగ్గర బ్యాటరీని దాటుకుని పోతుంటే, కాలికి తగులుతుంది జాగ్రత్త అంది. ఎప్పుడూ దాన్ని దాటుకునే పోతారు. మొదట్లో మోటరీనాను మెట్ల కింద గొలుసు వేసి ఉంచేవాళ్లు, పక్క వాకిట్లో ఒకడిది బ్యాటరీతో సహా పోయాక భవనంలో అందరూ బ్యాటరీలు పైకి మొయ్యడం మొదలుపెట్టారు. మూడంతస్తులు మోసినవాడు తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే దించుతాడు. దించిన చోటే సాకెట్టు ఉంది. అలా దానికి అదే చోటయింది, తలుపు పక్కన, తలుపు తెరిస్తే రెక్క తగిలేంత దగ్గర. ఇంటికి ఉన్నది ఆ ఒక్క తలుపు. ఇంకో వైపు బాల్కనీ, దాని అవతల గాలి. వానాకాలం నీళ్లు లోపలికి కొడుతుంటే బెతో బాల్కనీ గుమ్మానికి సిమెంటుతో జానెడు ఎత్తు గడప కట్టాడు, అప్పట్నుంచీ గోళ్లు దిద్దే బల్లకు కుర్చీ జరిపినప్పుడల్లా దానికి తగులుతుంది, నాన్న కాలు కూడా రెండుసార్లు తగిలింది, అల్లుడు నాకోసం ఆనకట్ట కట్టాడన్నాడు.

వార్డు తలుపు తెరుచుకుంది. నేరేయిదా లేచింది. ఎవరో పనివాడు బకెట్టుతో బయటికొచ్చి వెళ్లిపోయాడు. కూర్చుంది. లేవడంలో కిటికీలోంచి కింద ఆవరణ కనిపించింది, అక్కడ బెతో నిలబడి ఉన్నాడు, హెల్మెట్టు చేత్తో పట్టుకుని, ఎవరిదో మోటరీనా పక్కన. ఎల్ కానే నుంచి ఏ ట్రక్కు పట్టుకుని వచ్చాడో, గంట కిందట పైకొచ్చాడు, భార్యను చూశాడు, కూతుర్ని చూసి తల మీద చెయ్యి పెట్టాడు, చెయ్యి తీసి వాసన చూసుకున్నాడు, కిందికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ హెల్మెట్టు ఎందుకు తీసుకెళ్లాడో, మామిడికాయలకు హెల్మెట్టెందుకు, అలవాటు.

కొత్త బ్యాటరీ తేవడం బెతో మంచికే చేశాడు. పాతవి సీసం బ్యాటరీలు, ఒక డబ్బాలో ఆరు, అవి మోసి మోసి నడుము పోయింది, వేసవి మొదట్లో అవీ పోయాయి. కొండ దిగువన రెయినియెర్ అనేవాడికి ఒక చిన్న మెకానిక్ షెడ్డుంది, వాడు లిథియం బ్యాటరీ కట్టిచ్చాడు, చిన్న చిన్న గొట్టాలు వరసలుగా పేర్చి, నీలం ప్లాస్టిక్కు చుట్టి. బరువు సగం కూడా లేదు. బెతో దాన్ని బడిపిల్ల సంచిలా ఒంటి చేత్తో ఊపుకుంటూ మెట్లెక్కొచ్చాడు, నాన్న చేతికిచ్చి పట్టుకోమన్నాడు, నాన్న పట్టుకున్నాడు, ఇది నేను కూడా మోస్తాను, నా ఉద్యోగం మార్చండన్నాడు. ఆ నవ్వు గుర్తుంది. ఛార్జరు సంగతి బెతో అడగకపోలేదు. అడిగాడు, నేరేయిదా అక్కడే ఉంది, షెడ్డు ముందు నీడలో నిలబడి ఉంది. దీనికి వేరే ఛార్జరు కావాలా అని అడిగితే, రెయినియెర్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"దీని మీదెంతుంది? డెబ్బైరెండు. దాని మీదెంతుంది? డెబ్బైరెండు. పిన్ను పట్టిందా? పట్టింది. ఇంకేం కావాలి నీకు, ఫాదిరీని పిలిచి పెళ్లి చేయించమంటావా?"

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఇవాళ పేవ్‌మెంటు మీద, పైన కిటికీలోంచి ఇంకా పొగ వస్తుండగా, దళంలో ఒక కుర్రాడు తడిసిన చేతితొడుగులు విప్పుకుంటూ సోరైదా మొగుడితో చెప్తుంటే వింది. రెండిటి మీదా డెబ్బైరెండు వోల్టులనే రాసుంటుంది, నిజమే. కాని సీసం వాటికి చేసిన ఛార్జరు ఎనభై ఎనిమిది వోల్టుల దాకా తోస్తుంది, ఈ లిథియం ఎనభై నాలుగు దగ్గర ఆగాలి. పైన రాసిన అంకె కాదు చూడవలసింది, ఎక్కడ ఆపుతుందో అది చూడాలి, బ్యాటరీ ఏ జాతిదో ఛార్జరు ఆ జాతిది కావాలి. సోరైదా మొగుడు, నాలుగే కదా తేడా, అన్నాడు. ఆ కుర్రాడు పైన కిటికీ వైపు చూశాడు. నాలుగు. నేరేయిదా ఆ అంకెను ఎక్కడ పెట్టాలో తెలియక ఇక్కడిదాకా మోసుకొచ్చింది, రొట్టెల సంచిలాగే. నాలుగు చెంచాల ఉప్పు, నాలుగు మెట్లు, నాలుగు వేళ్లు, ఒక చేతికి బొటనవేలు వదిలేసి రంగు వేస్తే నాలుగు.

నింపడం మించిపోకుండా మధ్యలో ఆపేయడానికి బ్యాటరీ లోపల ఒక చిన్న పలక ఉంటుందట, కాపలా పలక. అదుంటే ఛార్జరు ఎంత తోసినా తలుపు వేసేస్తుంది. అదీ ఉండేది. మొదటి వారం ఉంది. కాని అది బండి కరెంటు ఎక్కువ లాగినప్పుడు కూడా ఆపేస్తుంది, ఈ ఊళ్లో ఎక్కువ లాగని వీధి లేదు, అన్నీ ఎగుడే, వెనక లావుపాటి మనిషిని కూర్చోబెట్టుకుని బెతో నిటారు వీధి సగం ఎక్కేసరికి బండి చచ్చిపోయేది, దిగి తోసుకోవలసి వచ్చేది, ఎక్కినావిడ కిందికి నడిచిపోతూ, గాడిదైతే గడ్డి తిని అయినా ఎక్కేది నాయనా, అని పోయింది. బెతో బ్యాటరీ తీసుకుని రెయినియెర్ దగ్గరికి వెళ్లాడు. వాడు ఆ పలకను పక్కకు తప్పించి తీగ నేరుగా కలిపాడు. ఆ రోజు నుంచీ బండి ఏ కొండయినా ఎక్కింది. ఎండలో కొండలెక్కి వచ్చిన బ్యాటరీ చెయ్యి పెడితే కాలేది, కాసేపు చల్లారనిచ్చి పెట్టమని నాన్న అనేవాడు, మిషను వేడెక్కితే షాపులో పక్కన పెట్టేవాణ్ణి నేను. కరెంటు చల్లారేదాకా ఆగుతుందా పెద్దాయనా, అని బెతో వెంటనే ప్లగ్గు పెట్టేవాడు. అదీ నిజమే. కరెంటు దేనికీ ఆగదు.

నాన్న చెప్పాడు. అక్కడికి రాకూడదని ఇందాకట్నుంచీ నేరేయిదా ఇంకేవేవో తలుచుకుంటోంది, రొట్టె, కాఫీ, హెల్మెట్టు, అయినా అక్కడికే వస్తోంది. నాన్న చెప్పాడు, కొత్త బ్యాటరీ వచ్చినప్పట్నుంచీ కీచురాయి నోరు మూయడం లేదని. ఇదివరకు టైముకు ఆగేది, ఇప్పుడు అరుస్తూనే ఉంటోందని. కొత్తది కదా నాన్నా, అలవాటు పడాలి, అంది తను. పోయిన గురువారం ఆయన అది ఆగకుండానే ప్లగ్గు తీసేశాడు. బెతో మధ్యాహ్నం పనికి బయల్దేరబోతూ చూస్తే బ్యాటరీ సగమే నిండింది, కరెంటు పోయింది, ఆ రోజు పని పోయింది. ఎందుకు తీశావని అడిగితే, దాని కడుపు వేడిగా ఉంది, వాసనొస్తోంది, అన్నాడు నాన్న. ఏం వాసన? నాన్న ఆలోచించి, నిజాయితీగా, గోళ్ల రంగు వాసనన్నాడు. తియ్యగా, గోళ్ల రంగు చెరిపే మందులా.

బెతో భార్య వైపు చూశాడు, బాల్కనీ దగ్గరున్న ఆమె బల్ల వైపు, దాని కింద అసిటోన్ సీసాల వైపు చూశాడు.

"పెద్దాయనా, ఇంట్లో ఉన్నది గోళ్లు దిద్దే మనిషి. గోళ్ల రంగు వాసన రాక అత్తరు వాసనొస్తుందా?"

నేరేయిదా నవ్వింది. అది వద్దనుకున్నా వచ్చే నవ్వు, మొగుడి కోపం జోకులోకి దిగినందుకు వచ్చిన నవ్వు. నాన్న కూడా నవ్వాడు, ఆలస్యంగా, ఎవరివైపు చూసి నవ్వాలో తెలియనట్టు. ఆ రోజు ఆమె దగ్గరికి గోళ్లు దిద్దించుకోవడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. గురువారం. కరెంటు పోయి వచ్చి పోతున్న రోజు, ఎవరూ రాలేదు, ఒక్క సీసా మూత కూడా తియ్యలేదు. అప్పుడు ఆ సంగతి తెలుసు, అయినా ఆ రెండిటినీ కలిపి చూడలేదు. ఎందుకు చూడలేదు. ఆ మందు ఆమె ముక్కులో ఎప్పుడూ ఉంటుంది, ఉందో లేదో కూడా తెలియదు, ఇంట్లో ఆ వాసన తెలిసేది ఆయన ఒక్కడికే, కళ్లు లేనివాడు, ముక్కుతో చెవులతో బతికేవాడు.

ఇవాళ పొద్దున చీకట్లో చెప్పులేసుకుంటూ అన్న మాట. దాన్ని ఉన్నదున్నట్టు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది, కొంచెం మెత్తగా అని ఉంటుందేమో, ఒక మాట తక్కువ అని ఉంటుందేమో. లేదు. సరిగ్గా ఇదే అంది.

"నాన్నా, ఇవాళ దాన్ని ముట్టుకోకు. నేనొచ్చి నేనే తీస్తాను. మళ్లీ పీకావంటే బెతో ఏమన్నా నేను అడ్డురాను, చెప్తున్నాను."

ఆయన కుర్చీలోంచి, గొంతు ఎక్కడా మారకుండా అన్నాడు.

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా. కూర్చోడమే కదా నా ఉద్యోగం. కూర్చుంటాను."

తలుపు వేసి మెట్లు దిగింది. వంద మంది రోజూ అనే మాటలాంటిదే అది, కోపం కూడా కాదు, క్యూ ఆలస్యమవుతోందన్న తొందర. రొట్టెల క్యూ అయ్యాక ఇంటికి వెళ్లి ఉండవచ్చు. కోడిమాంసం వస్తుందని ఎవరో అన్నారు, వచ్చిందని ఇంకెవరో అన్నారు, ట్రక్కు రాలేదు, వస్తుందని నిలబడింది. ఇంట్లో నాన్న కూర్చుని ఉన్నాడు, కీచురాయి అరుస్తోంది, ఆగడం లేదు, వాసన వస్తోంది, ఆయన కూర్చుని ఉన్నాడు. ముట్టుకోవద్దంది కనుక. నేరేయిదా ఆ కుర్చీలో ఆయన్ని చూస్తోంది, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తల ఆ శబ్దం వైపు వంచి, ఎంతసేపు కూర్చున్నాడో, కూతురు వస్తుందని ఎంతసేపు చూశాడో, అడుగుల చప్పుడు వినిపిస్తుందని మెట్లవైపు చెవి పెట్టి. మంట వచ్చేదాకా. మంట వచ్చాక కూడా. ఎవరైనా ఆమెను అడిగితే చెప్తుంది, మా నాన్న మాట విన్నాడని చెప్తుంది. ఈ వయసులో మాట విన్నాడు. ఆ ఒక్కటీ తెలియాలి, ఇంకేమీ అక్కర్లేదు, కుర్చీలోనే ఉన్నాడా అన్నది.

మైలేన్ దగ్గింది. నీళ్లు తాగుతావా అంటే వద్దంది. అడక్కుండానే, అంబులెన్సులో చెప్పినదే మళ్లీ చెప్పింది. తాత కేకలేస్తుంటే మెలకువ వచ్చిందట. గది తలుపు తీస్తే అంతా పొగ, ఏమీ కనపడలేదు, నేల మీద పాకింది. తాత గొంతు మాత్రం వినిపించింది, గట్టిగా, షాపులో తర్వాతి మనిషిని పిలిచినట్టు.

"తలుపు దగ్గర ఏం లేదు, పో, తలుపు దగ్గర ఏం లేదు, అన్నాడమ్మా. పోయాను. ముందే దిగిపోయాడనుకున్నాను. కింద చూస్తే లేడు."

నేరేయిదా పిల్ల వీపు నిమిరింది. పొగ తలకెక్కింది పిల్లకు. తలుపు దగ్గర ఏమీ లేకపోవడమేమిటి. తలుపు దగ్గరే ఉంది, తన చేత్తో పెట్టింది, రెక్క తగిలేంత దగ్గర, బెతో దాటుకుని పోయాడు. అది అంటుకుని మండుతుంటే ఆ గుమ్మంలోంచి పిల్లి కూడా దాటదు. ఎలా దాటింది ఇది, ఒంటి మీద బొబ్బ లేకుండా, గౌను అంచు కూడా కాలకుండా. ఎలా దాటిందో ఆమెకు అక్కర్లేదు. దాటింది. దేవుడి తల్లి దాటించింది, ఎల్ కోబ్రే కొండ మీది అమ్మవారికి పొద్దుతిరుగుడు పూలు పట్టుకెళ్లాలి, పిల్లకోసం కొన్ని, నాన్నకోసం కొన్ని, నాన్నకోసం ఎక్కువ, ఇప్పుడే మొక్కుకుంటే ఇప్పుడే వింటుంది, లోపల దీపం కదిలింది, అద్దం వెనక ఎవరో ఆగారు.

నాలుగు కావస్తుండగా డాక్టరు బయటికి వచ్చింది. తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకుంది. బొర్రోతో కుటుంబమా అని అడిగింది, నేరేయిదా లేచింది, మైలేన్ లేవలేదు. డాక్టరు కూర్చోమనలేదు. మూడూ నలభైకి పోయారంది. లోపలికి పొగ ఎక్కువ వెళ్లింది, చేతులూ ఛాతీ కాలాయి, నొప్పి తెలియకుండా మందు ఇచ్చాం, తెలివి రాలేదు. ఏమైనా అన్నాడా అని నేరేయిదా అడిగింది. ఏమీ అనలేదు. నేరేయిదా తల ఊపింది, ఊపి, చేతిలో రొట్టెల సంచిని డాక్టరు చేతిలో పెట్టింది. డాక్టరు తీసుకుంది. తీసుకుని, దాన్నేం చెయ్యాలో తెలియక కొంచెంసేపు పట్టుకుని నిలబడి, బెంచీ మీద మైలేన్ పక్కన మెల్లగా పెట్టి లోపలికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తే బెతో కింద అక్కడే ఉన్నాడు. ఎవరో వెళ్లి చెప్పాలి. చెప్పడానికి ఎవరూ లేరు, ఆమే వెళ్లాలి, మెట్లెటో గుర్తు రాలేదు.

నడవా చివర యూనిఫాంలో ఒకాయన అప్పటికి చాలాసేపట్నుంచీ నిలబడి ఉన్నాడు. డాక్టరు వెళ్లాక దగ్గరికి వచ్చాడు. అగ్నిమాపక దళంలో లెఫ్టినెంటు, పేరు దువెర్హెల్, ప్రమాదం ఎలా జరిగిందో చూసేది తనేనని చెప్పాడు. సానుభూతి చెప్పాడు. రేపు ఇంటికొచ్చి అడుగుతానన్నాడు, ఇల్లు అనగానే ఆగి, మీరెక్కడుంటే అక్కడికి, అన్నాడు. నేరేయిదా ఇప్పుడే అడగమంది. ఆయన మైలేన్ వైపు చూశాడు, అడగమంది మళ్లీ.

బ్యాటరీ ఎక్కడ ఉంచారని అడిగాడు. తలుపు పక్కనంది. ఈ ఉదయం కూడానా? ఈ ఉదయం కూడా, తనే ప్లగ్గు పెట్టింది, పెట్టి ముట్టుకోవద్దని చెప్పి వెళ్లింది, ఆ మాట కూడా రాసుకోమంది. ఆయన రాసుకోలేదు. ఇంట్లో ఇంకెవరైనా దాన్ని కదిపి ఉంటారా అని అడిగాడు. ఎవరున్నారు కదపడానికి, పిల్ల నిద్రలో ఉంది, మా ఆయన ఊళ్లో లేడు, మా నాన్నకు కళ్లు కనపడవు, చేతులు వణుకుతాయి, కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆయన కుర్చీలోనే దొరికాడా? ఆ ప్రశ్న తను అడిగింది, గట్టిగా అడిగింది, మైలేన్ తలెత్తింది.

"కుర్చీలో కాదమ్మా," అన్నాడు లెఫ్టినెంటు. తర్వాత ఒక్కో మాటా విడదీసి, చూసింది చూసినట్టు చెప్పాడు. తలుపు పక్కన నేల కాలలేదు. తలుపు చెక్క కూడా పొగచూరింది, అంతే. అక్కణ్నుంచి బాల్కనీ దాకా గది పొడుగునా నేల పలకల మీద ఈడ్చిన గీత ఉంది, గీత వెంబడి మసి ఉంది. బ్యాటరీ సిమెంటు గడపకు ఇవతల దొరికింది, దాన్ని దాటలేదు, ఛార్జరు తీగతో సహా దానికే ఉంది. పెద్దాయన దాని పక్కనే ఉన్నాడు.

"ప్లగ్గో?" అంది నేరేయిదా.

ప్లగ్గు సాకెట్టులో లేదు. సాకెట్టు పగల్లేదు. తీగ పట్టి లాగితే వంగి ఉండేవి, ప్లగ్గు పిన్నులు రెండూ తిన్నగా ఉన్నాయి.